పరాయి నేలలో మందుపాతరలు, మన డబ్బుతో తీయడం: జాఫ్నా రైల్లో మొదలైన ప్రశ్న

#1 · కృష్ణలంక_రమణ · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. పోయిన నెల ఆఫీసు పని మీద కొలంబో వెళ్లాను. పని ముందే తెమిలి రెండు రోజులు మిగిలితే, జాఫ్నా చూసొద్దామని యాళ్ దేవి ఎక్కాను. కిళినొచ్చి దాటాక ఎలిఫెంట్ పాస్, ఉప్పు మడులు, ఆ తర్వాత అంతా ఇసుక నేల, తాటిచెట్లు. చాలా తాళ్లకు తలల్లేవు, మొండేలు నిలబడి ఉన్నాయి. షెల్లింగ్‌లో పోయాయట.

పళ్లై స్టేషన్ దాటిన కాసేపటికి పట్టాలకు కొంత దూరంలో వరసగా ఎర్ర బోర్డులు, వాటి మీద పుర్రె గుర్తు. బోర్డుల వెనకాల ఒకామె ముఖానికి అద్దం కట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని, చిన్న దంతెలాంటి దానితో ఇసుక గీకుతోంది. రైలు అంత చప్పుడు చేసుకుంటూ పోతున్నా తల ఎత్తలేదు. ఎదురు సీట్లో పెద్దాయన "మిదివెడి" అన్నాడు. తొక్కితే పేలేది అని.

యుద్ధం ముగిసింది 2009 మేలో. ఇంకా తీస్తూనే ఉన్నారా అని అడిగితే, "డబ్బు వచ్చిన ఏడు పని జోరుగా ఉంటుంది, రాని ఏడు మనుషుల్ని తగ్గిస్తారు" అన్నాడు. ఎవరిస్తారంటే అమెరికా, ఇంగ్లండ్, జపాన్, నార్వే అని వేళ్లు మడిచి, "మీ ఇండియా కూడా ఇచ్చింది" అన్నాడు.

ఇంటికొచ్చి ఇది చెబితే మా బాబాయి కొడుకు ఒకటే మాట: "మన ఊరి రోడ్డుకే దిక్కులేదు, వాళ్ల పొలాల్లో బాంబులు మనమెందుకు తియ్యాలి?" నాకు జవాబు తోచలేదు. అప్పట్నుంచీ అదే మనసులో తిరుగుతోంది. తెలిసినవాళ్లు చెప్పండి. ఇండియా నిజంగా ఇచ్చిందా? ప్రభుత్వాలు పరాయి నేల మీద మైన్లు తీయడానికి ఎందుకు ఖర్చు పెడతాయి? ఆ డబ్బు ఎటు పోతుంది?

#2 · పన్ను_కట్టేవాడు · శనివారం రాత్రి 9:40

రమణ గారూ, మీ తమ్ముడు అడిగిందాంట్లో తప్పేముంది? ములుగు జిల్లా వాజేడు, వెంకటాపురం అడవుల్లో మందుపాతరలు పేలి మనవాళ్లు పోతున్నారు. 2025 మేలో ముగ్గురు గ్రేహౌండ్స్ జవాన్లు చనిపోయింది అక్కడే. కట్టెలకో వెదురుకో వెళ్లిన గిరిజనులకూ ఆ గతే పడుతోంది. ముందు ఇక్కడ తీయాలి కదా.

రెండోది. శ్రీలంకలో మైన్లు పెట్టింది ఎవరు? వాళ్ల సైన్యం, ఎల్టీటీఈ. పెట్టినవాళ్లే తీయాలి. నేను జాలి లేకుండా మాట్లాడటం లేదు. జీతంలో కోత పడ్డ ప్రతిసారీ ఇది ఎటు పోతోందని అడిగే హక్కు నాకుంది, అంతే.

#3 · డాలస్_వేణు · శనివారం రాత్రి 11:55

"పెట్టినవాళ్లే తీయాలి" అన్న మాట నాకు నచ్చింది. ఆ లెక్కన లావోస్ సంగతి చూడండి. 1964 నుంచి 1973 దాకా అమెరికా ఆ చిన్న దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. అందులో క్లస్టర్ బాంబుల్లోని చిన్న గుళ్లే 27 కోట్ల పైచిలుకు. మూడో వంతు దాకా పేలలేదని అంచనా. టెన్నిస్ బంతంత ఉంటాయి, అక్కడ "బాంబీ" అంటారు. పిల్లలు బంతి అనుకుని తీసుకుంటారు. 2016 సెప్టెంబర్లో ఒబామా వియంటియాన్ వెళ్లి, వీటిని తీయడానికి మూడేళ్లకు 9 కోట్ల డాలర్లు ప్రకటించాడు. యుద్ధం ఆగిన 43 ఏళ్లకు. నేనిక్కడ పన్ను కడుతున్నాను. దీన్ని సాయం అనడానికి నాకు నోరు రాదు, ఇది బాకీ.

1993 నుంచి అమెరికా 120కి పైగా దేశాల్లో మైన్లు, పేలని బాంబులు, పాత ఆయుధాల ఏరివేతకు 500 కోట్ల డాలర్ల పైనే పెట్టింది. ఇంతగా ఇంకే దేశమూ పెట్టలేదు. కానీ 2025 జనవరిలో కొత్త ప్రభుత్వం రాగానే విదేశీ సాయం మొత్తం 90 రోజులు ఆపేశారు. మైన్లు తీసేవాళ్లకు కూడా "పని ఆపండి" అని కబురు వెళ్లింది. కంబోడియాలో అయితే ఆ సందులో చైనా 44 లక్షల డాలర్లు ఇస్తామని ముందుకొచ్చింది. తర్వాత అమెరికా కొన్నిటికి మినహాయింపు ఇచ్చింది. ఆ మధ్య వారాల్లో ఆ పొలాల పరిస్థితేమిటో సగం పనిలో ఆగిపోయినవాళ్లకే తెలియాలి.

#4 · పాత_సాపర్ · ఆదివారం ఉదయం 6:20

నమస్కారం. నేను సైన్యంలో ఇంజినీరింగ్ పనులు చూసే మద్రాస్ సాపర్స్‌లో చేసి హవల్దారుగా రిటైరయ్యాను. మాది పశ్చిమ గోదావరి, ఇంటికొక ఫౌజీ ఉన్న ఊరు. రిటైరయ్యాక ఒక డీమైనింగ్ సంస్థలో చేరి 2010లో శ్రీలంక వెళ్లాను. మన్నార్, ఆ తర్వాత కిళినొచ్చి వైపు. సంస్థ పేరు రాయను, కారణం కింద చెబుతాను.

రమణా, మొదటి ప్రశ్నకు జవాబు: అవును, ఇచ్చింది. యుద్ధం ముగిసిన వెంటనే మన్మోహన్ సింగ్ ప్రభుత్వం శ్రీలంక తమిళుల పునరావాసానికి 500 కోట్ల రూపాయలు ప్రకటించింది. మైన్లు తీయడానికి మన దేశం నుంచి ఏడు టీములు, పూర్తి ఖర్చు భారత ప్రభుత్వానిదే. అందులో చాలామంది మాలాంటి రిటైరైన సాపర్లు. ఎందుకు పంపారో అక్కడ దిగిన రోజే అర్థమైంది. మెనిక్ ఫార్మ్ క్యాంపుల్లో 3 లక్షల మందికి దగ్గరగా జనం ముళ్లకంచెల మధ్య ఉన్నారు. ఇళ్లకు పంపండి అని అందరూ అడిగేవాళ్లే. కానీ ఊళ్లలో అడుగు పెడితే కాలు పోతుంది. ఆ తర్వాత మన దేశం కట్టించిన 50 వేల ఇళ్లున్నాయి చూడు, వాటిలో 46 వేలు ఉత్తర, తూర్పు ప్రాంతాల్లోనే. అలాంటి చోట ఇంటికి ముగ్గు పోయాలంటే ముందు నేల చూసి, ఇది భద్రం అని ఎవరో ఒకరు రాసివ్వాలి. నువ్వెక్కిన రైలు పట్టాలూ అంతే. ఆ ఉత్తర లైను మన ప్రభుత్వ రైల్వే నిర్మాణ సంస్థ ఇర్కాన్ వేసింది, 2014 అక్టోబర్లో జాఫ్నాకు మళ్లీ రైలు నడిచింది. పట్టా కంటే ముందు ఆ నేల మీద మోకాళ్లు ఆన్చిన మనుషులున్నారు.

పని ఎలా ఉంటుందో చెబుతాను. మీటరు వెడల్పు దారి, రెండు పక్కలా తాడు. ముందు అడ్డంగా ఎర్ర రంగు కర్ర. ఆ కర్ర అవతల నీది కాదు, యముడిది. డిటెక్టర్‌తో చూసి, నేల గీకి, చేత్తో తడిమి, ఏమీ లేదనుకుంటే కర్రను ఒక జానెడు ముందుకు జరపాలి. అక్కడి సైన్యం వాడిన పీ-4 మైను బూట్ పాలిష్ డబ్బా అంత ఉంటుంది. దాంట్లో ఇనుము బహు తక్కువ, డిటెక్టర్ సరిగా పలకదు. తూటా తొడుగులకు, రేకు ముక్కలకు మాత్రం కుయ్యోమంటుంది. పులులు, అంటే ఎల్టీటీఈ వాళ్లు, సొంతంగా చేసిన జోనీ మైను ఇంకో రకం. చెక్క పెట్టె, అందులో మందు. చెక్క పుచ్చిపోతుంది కానీ మందు పోదు. అందుకే ఇసుక నేలలో దంతెతో పై నుంచి కింది దాకా గీకుతూ పోయే పద్ధతి పెట్టారు. రమణ చూసిందదే. ఎండలో చొక్కా మీద బరువైన కవచం, ముఖం ముందు అద్దం, అద్దం మీద మన ఊపిరే ఆవిరై కడుతుంది. అరగంట, ముప్పావుగంట అయ్యాక విరామం తప్పనిసరి. ఫీల్డు పక్కన అంబులెన్స్ నిలబడి ఉండాలి. డ్రైవర్‌కు జ్వరమొచ్చి అంబులెన్స్ రాకపోతే ఆ రోజు పని లేదు, కానీ అందరి జీతం నడుస్తుంది. డబ్బు ఎటు పోతుందన్నావు కదా, అటు పోతుంది.

మన్నార్ దగ్గర ఒక తమిళావిడ రోజూ తాడు అవతల వచ్చి నిలబడేది. అరవై ఏళ్లుంటాయి. ఇల్లు ఎక్కడుందో చేత్తో చూపించేది. మాకక్కడ తుప్పలు తప్ప ఏమీ కనిపించేది కాదు. నేల అప్పగించిన రోజు వెళ్లి చూస్తే గోడలు లేవు, కప్పు లేదు, ఒక్క రుబ్బురోలు ఉంది. ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు. బిందెతో నీళ్లు తెచ్చి రోలు కడిగింది. పొత్రం దొరకలేదు. తుప్పల్లో వెతకడానికి మేమందరం వెళ్లాం.

#5 · గుంటూరు_సుజాత · ఆదివారం ఉదయం 8:05

సాపర్ గారూ, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. పొత్రం దొరికిందా?

#6 · పాత_సాపర్ · ఆదివారం ఉదయం 8:31

దొరికిందమ్మా. బావి పక్కన.

#7 · లండన్_లక్ష్మి · ఆదివారం మధ్యాహ్నం 2:10

ఇక్కడ విదేశీ సాయం ఖాతాలు తనిఖీ చేసే పనిలో ఉన్నాను. డబ్బు నడిచే తీరు గురించి నాకు తెలిసింది రాస్తాను.

1997 డిసెంబర్లో ఒటావాలో మందుపాతరల నిషేధ ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. అందులో ఐదో నిబంధన ప్రకారం, చేరిన దేశం తన నేలను పదేళ్లలో శుభ్రం చేయాలి. కాకపోతే గడువు పెంచమని అడగాలి. ఆరో నిబంధన ప్రకారం, ఇవ్వగలిగిన స్థితిలో ఉన్న దేశాలు సాయం చేయాలి. అంటే పన్ను_కట్టేవాడు గారు అడిగిన "పెట్టినవాళ్లే తీయాలి" అన్న బాధ్యతా ఒప్పందంలో ఉంది, "చేతనైనవాళ్లు చెయ్యందించాలి" అన్నదీ ఉంది. శ్రీలంక 2017 డిసెంబర్లో చేరింది. దాని గడువు 2028 జూన్ 1.

కానీ నిబంధన ఒక దారిలో, అవసరం ఇంకో దారిలో పోయిన సందర్భాలున్నాయి. 1982 యుద్ధంలో ఫాక్‌లాండ్ దీవుల్లో అర్జెంటీనా సైన్యం మైన్లు పెట్టింది. అక్కడ ఉండేది మూడు వేల పైచిలుకు జనం. మైన్లున్న చోట్లకు కంచెలు వేసేశారు, అటు ఎవరూ వెళ్లరు. పెంగ్విన్లు మాత్రం తేలిక కాబట్టి వాటి మీద నడిచినా పేలేవి కావు. అయినా గడువుంది కాబట్టి బ్రిటన్ 2009లో మొదలుపెట్టి 2020 నవంబర్ దాకా ఖర్చుపెట్టి తీయించింది. తీసినవాళ్లలో ఎక్కువమంది జింబాబ్వే మనుషులు. వాళ్ల సొంత సరిహద్దులో 1970లలో పెట్టిన మైన్లు అప్పటికీ ఉన్నాయి. తమ ఊళ్లలో మైన్లు పెట్టుకుని, గొర్రెలు మేసే దీవిలో తీయడానికి అంత దూరం వెళ్లారు. ఆ కాగితాలు చూసినప్పుడు నాకు చాలా బాధేసింది. డబ్బు ముందు మనుషులు నడిచే దారికి వెళ్లాలి.

ఖర్చు సంగతి. ఒక మైను తయారీకి 3 నుంచి 30 డాలర్లు, తీయడానికి 300 నుంచి 1000 డాలర్లు అని ఐక్యరాజ్యసమితి వాళ్లు చెబుతుంటారు. కానీ దీన్ని ఒక్కో మైనుకు లెక్కగట్టడం సరికాదని నా అభిప్రాయం. అసలు ఖర్చంతా మైన్లు లేని నేలను తవ్వడానికే పోతుంది. ఎక్కడుందో తెలియదు కాబట్టి పొలమంతా అనుమానమే. అందుకే ముందు సర్వే చేస్తారు. ఊరివాళ్లను అడుగుతారు: గొడ్లు ఎక్కడ పోయాయి, సైన్యం బంకర్లు ఎటు వైపు, ఎవరు ఎప్పటినుంచి ఏ దారిలో నడుస్తున్నారు. అక్కడే సగం అనుమానపు నేల తవ్వకుండా తేలిపోవచ్చు. దాతలకు సర్వే నచ్చదు. ఫోటోలో చూపించడానికి ఏమీ ఉండదు. నన్నడిగితే మొదటి రూపాయి దానికే ఇవ్వాలి.

#8 · పన్ను_కట్టేవాడు · ఆదివారం సాయంత్రం 4:45

లక్ష్మి గారు బాగా చెప్పారు. కానీ ఇండియా ఆ ఒప్పందంలో లేదు కదా. అమెరికా, రష్యా, చైనా, పాకిస్తాన్ కూడా లేవు. సంతకమే చేయనప్పుడు ఆరో నిబంధన మనకు వర్తించదు. ఇంకో మాట. 2025లో పోలండ్, ఫిన్లండ్, ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా రష్యా భయంతో ఆ ఒప్పందం నుంచి బయటికి వస్తున్నామని తేల్చి చెప్పాయి. అంటే ఒక చేత్తో పెట్టడానికి సిద్ధమవుతూ ఇంకో చేత్తో తీయడానికి డబ్బివ్వడం. ఇందులో నీతి ఎక్కడుంది?

సాపర్ గారూ, మీరు సైన్యంలో మైన్లు పెట్టారు కూడా కదా? తప్పు పట్టడం కాదు, తెలుసుకోవాలని అడుగుతున్నాను.

#9 · పాత_సాపర్ · ఆదివారం రాత్రి 8:15

పెట్టాను. ఇందులో దాచేదేమీ లేదు.

పార్లమెంటు మీద దాడి తర్వాత 2001 డిసెంబర్లో ఆపరేషన్ పరాక్రమ్ మొదలైంది. పంజాబ్, రాజస్థాన్, జమ్మూ సరిహద్దుల వెంట మైన్లు పరిచాం. నేను రాజస్థాన్లో ఉన్నాను. సైన్యంలో ప్రతి మైనుకూ మ్యాపుంటుంది, లెక్కుంటుంది. తీసేటప్పుడు ఆ మ్యాపు పట్టుకునే వెళ్లాం. కానీ ఇసుక మ్యాపు మాట వినదు. గాలికి దిబ్బ జరిగితే మైను లోతుకు పోతుంది, లేదంటే పక్కకు పోతుంది. పెట్టేటప్పుడూ పోయారు, తీసేటప్పుడూ పోయారు. ఆ రైతులకు పొలాలు మళ్లీ చేతికొచ్చేదాకా ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. అక్కడ లెక్క ఉంది, మ్యాపు ఉంది, పెట్టిన మనుషులమే ఉన్నాం, జీతమిచ్చే ప్రభుత్వం ఉంది. అయినా అంత కష్టమైంది. శ్రీలంకలో పులులు పెట్టిన వాటికి, పెట్టినవాడే చచ్చిపోతే, మ్యాపు ఎవరిస్తారు బాబూ? పెట్టినవాళ్లే తీయాలన్నది న్యాయమే. తీయాల్సినవాళ్లు బతికి లేనప్పుడు ఆ నేల ఎవరిది కావాలి?

సంతకం సంగతి పెద్దలు చూసుకుంటారు. మన దేశం ఒటావాలో చేరలేదు కానీ, మైన్ల వాడకం మీద హద్దులు పెట్టే ఇంకో ఒప్పందంలో ఉంది. నాకు తెలిసిందొక్కటే. ఫౌజీగా నేను సరిహద్దులో మైను పెట్టాను, అవసరమైతే మళ్లీ పెడతాను. యుద్ధం అయ్యాక తీయడం కూడా ఆ పనిలో భాగమే. పెట్టడం నేర్చుకున్న రోజే తీయడం కూడా నేర్పారు.

ఇక సంస్థ పేరు ఎందుకు రాయనన్నానంటే ఇందుకు. ఒక కాంట్రాక్టు ఏడాది చివర ముగిసింది. కొత్తది సంతకమవడానికి ఆలస్యమైంది. ఎవరి తప్పో నాకు తెలియదు, ఢిల్లీలోనా, కొలంబోలోనా, మా ఆఫీసులోనా. మేము ఒక ఫీల్డు సగంలో ఉన్నాం. దారులకు కర్రలు పాతి, ఎక్కడిదాకా చూశామో రంగులు వేసి, రాతలో పెట్టి వదిలేశాం. ఇంటికి పంపేశారు. రెండు నెలల జీతం ఆలస్యంగా వచ్చింది, దాని గురించి నాకు బాధ లేదు. వానలొచ్చాయి. అక్కడ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కుండపోత. తిరిగి వెళ్లేసరికి సగం కర్రలు లేవు. కొన్ని వరదకు పోయాయి, కొన్ని జనం పొయ్యిలోకి, కంచెకు తీసుకెళ్లారు. వాళ్లను అనడానికి లేదు, రేకుల కింద ఉంటున్నారు, వంటకు కట్టెల్లేవు. గట్టున బొగ్గయిన కర్ర ముక్క ఒకటి నా చేతికి దొరికింది. తెల్ల రంగు ఇంకా కనిపిస్తోంది. తెల్ల రంగంటే ఇక్కడిదాకా భద్రం అని. అది ఏ దారిదో ఎవరికి తెలుసు? చూసిన నేలంతా మళ్లీ మొదటినుంచి చూశాం. నాలుగు నెలల పని. ఆపిన రెండు నెలల్లో మిగిలిన డబ్బుకు ఎన్ని రెట్లు పోయిందో లెక్క వేసుకోండి.

అందుకే డబ్బు తక్కువిచ్చినా ఫరవాలేదు, మధ్యలో ఆపొద్దు. తీయని పొలానికి జనం భయపడతారు, దూరంగా ఉంటారు. సగం తీసిన పొలంలోకి వెళ్తారు. అదీ ప్రమాదం.

#10 · డాలస్_వేణు · ఆదివారం రాత్రి 9:02

సాపర్ గారూ, మీ చివరి మాట నేను మా కాంగ్రెస్ సభ్యుడికి రాసే ఉత్తరంలో పెట్టుకుంటాను, మీకు అభ్యంతరం లేకపోతే.

#11 · పాత_సాపర్ · ఆదివారం రాత్రి 9:20

పెట్టుకో బాబూ. పేరు అక్కర్లేదు.

#12 · నిర్వాహకులు · సోమవారం ఉదయం 7:30

సింహళ, తమిళ వర్గాల మీద నిందలతో వచ్చిన రెండు పోస్టులు తీసేశాం. యుద్ధంలో ఎవరిది తప్పు అనే చర్చకు వేరే శీర్షిక పెట్టుకోండి. ఇక్కడ మైన్ల తొలగింపు, దాని నిధుల గురించే రాయండి.

#13 · ఏజెన్సీ_మాస్టారు · సోమవారం మధ్యాహ్నం 1:15

నేను భద్రాచలం ఏజెన్సీలో బడిపంతుల్ని. పన్ను_కట్టేవాడు గారు మా అడవుల మాట ఎత్తారు కాబట్టి రాస్తున్నాను. తునికాకు సీజన్లో మా పిల్లల తల్లులు తెల్లవారుజామున అడవికి పోతారు. ఏ దారిలో ఏముందో తెలియని రోజుల్లో పిల్లలు బడికొచ్చి కూడా మనసు ఇక్కడ పెట్టేవాళ్లు కాదు. ఒక పిల్ల కిటికీ పక్కనే కూర్చునేది. ఎందుకమ్మా అంటే, అక్కణ్నుంచి అడవి దారి కనిపిస్తుంది సార్ అంది.

కాబట్టి ఇక్కడ తీయాలని నాకంటే ఎక్కువ కోరుకునేవాళ్లు ఉండరు. కానీ అక్కడ ఇవ్వడం వల్ల ఇక్కడ ఆగింది అనడం సరికాదండీ. ఇక్కడిది డబ్బు కొరత కాదు. ఇక్కడ మందుపాతరలు తీసేది పోలీసు బాంబు స్క్వాడులు. ఒక పక్క గొడవ నడుస్తుండగా, కొత్తవి పెడుతుండగా తీసే పని వేరు. యుద్ధం ముగిశాక ప్రతి గజం నేలనూ జనానికి తిరిగి అప్పజెప్పే పని వేరు. నిజం చెప్పాలంటే ఆ రెండో పని ఎలా చేయాలో మా అడవులకు కావాల్సిన రోజు వస్తుంది. ఆ రోజు శ్రీలంకలో పనిచేసొచ్చిన సాపర్ గారి లాంటివాళ్లు మనకు కావాలి. ఊరివాళ్లను కూర్చోబెట్టి అడిగే ఆ సర్వే పద్ధతి ఇక్కడా కావాలి, కోయ భాషలో.

#14 · సియంరీప్_శ్రీను · సోమవారం సాయంత్రం 6:40

కంబోడియాలో హోటల్ పనిలో నాలుగేళ్లున్నాను. థాయ్ సరిహద్దు వెంట 1980లలో పరిచిన కె5 మైన్ల పట్టీ ఇంకా పూర్తిగా శుభ్రం కాలేదు. అక్కడ ఎలుకలతో వెతికిస్తారు. టాంజానియాలో శిక్షణ ఇచ్చిన పెద్ద ఆఫ్రికా ఎలుకలు. ఇనుముతో వాటికి పని లేదు, మందు వాసన పడతాయి. తూటా తొడుగులకు ఆగవు కాబట్టి టెన్నిస్ కోర్టంత నేలను అరగంటలో చూసేస్తాయి. డిటెక్టర్‌తో మనిషికి నాలుగు రోజుల దాకా పట్టే పని. బరువు లేదు కాబట్టి మైను పేలదు. మగావా అనే ఎలుకకు 2020లో ధైర్యానికి ఇచ్చే బంగారు పతకం వచ్చింది. మైన్లు, పేలని బాంబులు కలిపి వందకు పైగా కనిపెట్టి, 2022 జనవరిలో చనిపోయింది. దానికి అరటిపండు పెట్టేవాళ్లు.

కానీ ఒక బాధ చెప్పాలి. 2025 జులైలో సరిహద్దులో థాయ్ సైనికులు మైన్ల మీద కాలేసి గాయపడ్డారు. ఇవి కొత్తగా పెట్టినవని థాయ్‌లాండ్ అంది, కంబోడియా ఖండించింది. ఆ నెలలోనే రెండు దేశాలకూ పోరు జరిగింది. ముప్పై ఏళ్లుగా ప్రపంచమంతా డబ్బిచ్చి తీయిస్తున్న సరిహద్దు అది. నిజం ఏదైనా, అలాంటి వార్త వస్తే డబ్బిచ్చేవాళ్లు వెనకాడతారు. నష్టపోయేది మళ్లీ పొలంలో దుంపలు తవ్వుకునేవాళ్లే.

#15 · పన్ను_కట్టేవాడు · సోమవారం రాత్రి 9:50

మాస్టారూ, మీ మాటకు ఎదురు చెప్పలేను. ఇక్కడా అక్కడా అన్న పోటీ పెట్టడం నా పొరపాటే. నాకు కోపం వచ్చింది లెక్క కనిపించకపోవడం మీద. మన ప్రభుత్వం ఇస్తే ఇవ్వనీ. ఎన్ని ఎకరాలు శుభ్రమయ్యాయి, ఎన్ని కుటుంబాలు ఇళ్లకు చేరాయి అన్నది నాకు తెలుగులో ఒక పేజీలో కనిపించాలి. అప్పుడు ఇంకో రూపాయి అడిగినా ఇస్తాను.

లక్ష్మి గారూ, పని పూర్తయింది అని చెప్పిన దేశం ఒక్కటైనా ఉందా? లేక ఇది అంతులేని గొయ్యా?

#16 · లండన్_లక్ష్మి · మంగళవారం తెల్లవారుజాము 3:25

ఉంది. మొజాంబిక్. స్వాతంత్ర్య పోరాటం, ఆ తర్వాత అంతర్యుద్ధం, దేశమంతా మైన్లు. 1990లలో మొదలుపెట్టి 2015 సెప్టెంబర్లో పూర్తయిందని ప్రకటించారు. ఇరవై ఏళ్లు పట్టింది, కానీ అయింది. అంత పెద్ద దేశంలోనే అయిందంటే శ్రీలంక లాంటి దీవిలో కాకపోవడానికి కారణం లేదు.

అంగోలాలో ఇంకా కాలేదు కానీ ఒక మంచి మలుపు ఉంది. 1997 జనవరిలో డయానా కవచం తొడుక్కుని నడిచిన హువాంబో మైదానం మీకు గుర్తుండే ఉంటుంది. 2019లో ఆమె కొడుకు హారీ అక్కడికే వెళ్లేసరికి అది ఇళ్లూ బడీ ఉన్న వీధి. అదే ఏడాది అంగోలా ప్రభుత్వం ఆగ్నేయంలోని జాతీయ వనాల్లో మైన్లు తీయడానికి తన ఖజానా నుంచి 6 కోట్ల డాలర్లు పెడతానంది. దాత మొదలుపెట్టాలి, ఆ దేశం అందుకోవాలి. మీరు మొదట అన్న "పెట్టినవాళ్లే తీయాలి" అన్నదానికి ఇది దగ్గరగా వస్తుంది.

ఇప్పుడు నాకున్న టెన్షన్ వేరు. 2022 తర్వాత దాతల డబ్బులో పెద్ద వాటా ఉక్రెయిన్‌కు వెళ్తోంది. వెళ్లాలి కూడా, అక్కడి గోధుమ పొలాలు అలా ఉన్నాయి. కానీ మొత్తం పళ్లెం పెరగడం లేదు. బ్రిటన్ విదేశీ సాయాన్ని 2021లో జాతీయాదాయంలో 0.7 శాతం నుంచి 0.5కి తగ్గించింది, 2027కల్లా 0.3 చేస్తామంది. అమెరికా సంగతి వేణు గారు చెప్పారు. మరో వైపు 2023లో ప్రపంచం మొత్తం మీద మైన్లు, పేలని బాంబుల వల్ల చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు 5,757 మంది నమోదయ్యారు. వందలో ఎనభై నాలుగు మంది మామూలు జనం. శ్రీలంకలో ఇక మిగిలింది తక్కువే కదా, పెద్ద ప్రమాదాలు లేవు కదా అని దాతలు చల్లగా జారుకునే సమయమిది. నా అనుభవంలో చివరి పది శాతమే కష్టం. పళ్లై దాటాక వచ్చే ముహమాలైనే చూడండి, రెండు సైన్యాలు ఏళ్ల తరబడి ఎదురెదురుగా కూర్చుని, ఒకదాని మీద ఒకటి వరసలు వరసలుగా మైన్లు పరిచిన నేల అది. 2028 జూన్ దాకా మూడు నాలుగు దేశాలు ఏటా ఇంత అని ఒకేసారి మాటిస్తే చాలు. మన దేశం అందులో ఒకటి కావాలని నా కోరిక. రామేశ్వరం నుంచి చూస్తే మన్నార్ ఎంత దూరం?

#17 · గుంటూరు_సుజాత · మంగళవారం ఉదయం 10:12

రమణ గారు చూసిన ఆవిడ గురించి ఒక్కటి అడగాలి. ఆడవాళ్లు ఈ పనిలోకి ఎలా వచ్చారు?

#18 · పాత_సాపర్ · మంగళవారం ఉదయం 11:40

చాలామంది ఆ ఊళ్లవాళ్లేనమ్మా. మొగుడు యుద్ధంలో పోయినవాళ్లు, ఇంటికి ఆధారం లేనివాళ్లు. మైన్లు తీసే సంస్థలు వాళ్లకు శిక్షణ ఇచ్చి తీసుకున్నాయి. ఆ చుట్టుపక్కల నెల నెలా జీతం వచ్చే పని ఇంకొకటి దొరకదు. నేను చూసినంతలో వాళ్ల చెయ్యి మాకంటే నెమ్మది. నెమ్మది అంటే ఈ పనిలో పొగడ్త. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరతారు. పక్కన గిన్నె కిందపడ్డా ఉలికిపడరు. సాయంత్రం కవచం విప్పి, జుట్టు ముడి వేసుకుని, సైకిలెక్కి పిల్లల కోసం బడికి పోయేవాళ్లు. దాతలు డబ్బు ఆపితే మొదట ఇంటికెళ్లేది వాళ్లే. నేర్చినవాళ్లు వేరే పనికి, గల్ఫుకు వెళ్లిపోతే మళ్లీ పిలిచినా రారు. ఆ చెయ్యిని మళ్లీ తయారుచేయాలంటే నెలలు పడుతుంది.

#19 · కృష్ణలంక_రమణ · మంగళవారం రాత్రి 9:30

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. ఇవన్నీ మా తమ్ముడికి చదివి వినిపించాను. రోడ్డు గురించి వాడి కోపం పోలేదు, పోకూడదు కూడా. కానీ సగం తీసిన పొలం, కర్రల సంగతి విన్నాక కాసేపు మాట్లాడలేదు. వాడు కౌలు రైతు. చివరికి "అయితే మధ్యలో ఆపకూడదు" అన్నాడు.

నేను సంక్రాంతి తర్వాత మళ్లీ కొలంబో వెళ్తున్నాను. ఈసారి మన్నార్ కూడా వెళ్దామని ఉంది. సాపర్ బాబాయ్, మీకు ఆ ఊరు గుర్తుంటే చెప్పండి, ఆవిడ ఉందేమో కనుక్కుంటాను.

#20 · పాత_సాపర్ · మంగళవారం రాత్రి 10:05

ఊరి పేరు ఇక్కడ రాయకూడదు, నీకు విడిగా పంపిస్తాను. మన్నార్ నుంచి బస్సుంటుంది. దిగాక చెరువు గట్టు మీద నడిస్తే గుడి, గుడి దాటాక ఎడమ చేతికి మూడో ఇల్లు. మన దేశం కట్టించిన ఇల్లే అయి ఉండాలి. ఇప్పటికి ఆవిడకు డెబ్బై అయిదు దాటుంటాయి. ఉంటే, ఆ రోజు పొత్రం బావి దగ్గర దొరికినప్పుడు ఎత్తుకొచ్చిన పొడుగాటి ఆంధ్రావాడు అడిగాడని చెప్పు. పేరు ఆవిడకు తెలియదు.

ఇంకో పని. జాఫ్నా వైపు వెళ్తే, పళ్లై దాటాక నువ్వు చూసిన ఎర్ర బోర్డులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో కిటికీలోంచి చూసి లెక్కపెట్టు. పోయినసారి కంటే తక్కువున్నాయో లేదో ఇక్కడ రాయి.